అరవై కాడ

క్లాక్‌టవర్ వెనక సందుల జిలానీ దుకాణం.
బల్ల మీద నిన్నటి పేపరు పరిచి
రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టిండు,
అంగట్ల చేపల్లెక్క, కడుపులు పైకి.

పచ్చ కంపెనీది పది అరవై. మెమరీ ఆరు జీబీ.
ఎర్ర కంపెనీది ఐదు వందల ఎనభై. ఎనిమిది జీబీ.
రెండూ నేను ఇంటర్ చదివేటప్పటి మోడళ్ళు,
అప్పుడు బొమ్మల చూసుడే.
ఇప్పుడు మీసేవ జీతంల మూడు నెలలు మిగిల్చిన
ఆరు వేల ఐదు వందలు సంచిల ఉన్నయి,
సంచి మీద నా చెయ్యి ఉన్నది.

జిలానీ ఒక్క ఆటనే రెండింటి మీద నడిపి చూపెట్టిండు.
అదే వాన, అదే రోడ్డు, అదే కారు మలుపు.
పచ్చది అరవై ఆరు ఫ్రేములు.
ఎర్రది డెబ్బై రెండు.
"ఆరు ఫ్రేములు కంటికి దొరుకతయా అన్నా?"
"కంటికి దొరకయి. మనసుకు దొరుకతయి"
అని నవ్విండు, గుట్కా మానేసిన పండ్లతోటి.

పచ్చది ఐదు వేల ఎనిమిది వందలు.
కరెంటు తక్కువ తాగుతది, నూట ఇరవై వాట్లు,
ఇంట్ల ఉన్న పాత ఎస్‌ఎంపీఎస్‌తోనే నడుస్తది.
ఎర్రది నాలుగున్నర వేలే,
కానీ తాగుబోతు. నూట ఎనభై ఐదు.
దానికి కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనాలె, ఇంకో రెండు వేలు.
కూడితే అగ్గువది పిరమయితది.
పేపరు అంచు మీద లెక్క రాసిన,
కొట్టేసిన, మల్ల రాసిన.
మా రేకుల ఇంట్ల మే నెల ఎండ గూడ ఒక అంకెనే,
దాన్ని ఏ గడిల రాయాల్నో తెల్వలే.

అమ్మ, ఈదమ్మ, పల్లీల సంచి కాళ్ళ కాడ పెట్టుకుని
అప్పటిదాంక ఊకున్నది.
లేచి, చేతికొక కార్డు పట్టి
సొరకాయలు తూచినట్టు తూచింది.
"గిది బరువున్నది. గిది ఏడ పనిచేసింది?"

ఎద్దును కొనేటోళ్ళు అడిగే మాట.
జిలానీ అబద్ధం చెప్దామనుకున్నడు, మొఖం మీద కనపడ్డది.
మల్ల ఉన్నదున్నట్టు చెప్పిండు:
పట్నంల ఒక షెడ్డు, ఇనుప ర్యాకులు,
ఇసొంటివి నూరు, వరుసగ.
చేతికి దొరకని నాణేలు తవ్వుడు పని.
రెండేండ్లు, రాత్రి పగలు, ఆపలే.
నాణెం రేటు పడంగనే
పాత ఇనుము లెక్క అమ్మేసిండ్రు.

"పండుకోనియ్యలేదా?"

అమ్మ పదకొండేండ్లప్పుడు
గుంపు మేస్త్రీ లారీ ఎక్కి డ్యాం పనికి పోయింది.
ఏ డ్యామో చెప్పదు. ఆ ఊరి భాషల
ఇప్పటికీ పది దాంక లెక్కవెడతది, అంతే.
ఫ్లడ్ లైట్ల కింద తట్టలు.
గంతవరకే తెలుసు నాకు.

ఫ్యాను రెక్క మీది దుమ్ము కొంగుతోటి తుడిచింది.
"నువ్వు ఆటలే గదా ఆడేది?"
"ఆటలే."
"గట్లయితే దీన్నే తీస్కపో. ఇంక ఆడుకోనీ."

కార్డు మీద రెండు వందలు తగ్గించింది గూడ,
ఎస్‌ఎంపీఎస్ మీద వంద, వేడి గుంజే పేస్టు ఫిరీ.
జిలానీ పచ్చదాన్ని మల్ల డబ్బల పెడుతుంటె
నా పాణం గుంజింది.
లెక్క ప్రకారం అదే సరైనది.
ఇప్పటికీ అదే సరైనది.

రాత్రి కరెంటు ఒకపారి పోయొచ్చింది.
రేకులు ఇంకా చల్లబడలే.
తెర మీద వాన, రోడ్డు, మలుపు.
కార్డు డెబ్బై రెండు కొడుతున్నది,
వేడి ఎనభై మూడు, ఫ్యాన్లు ఎగపోస్తున్నయి.
సెట్టింగులల్లకు పోయి వోల్టేజి జెర దించిన.
ఫ్రేములు అరవై కాడ కట్టేసిన.
ఎగపోసుడు తగ్గింది.

పక్క మంచంల అమ్మ అటు దిక్కు మళ్ళింది.
"నడుస్తున్నదా?"
"నడుస్తున్నదే. నిమ్మలంగ."